చిన్నమ్మికి ఇద్దరు డ్రైవర్లు

ఆషాఢం, మొదటి వారం

ఎడమవైపు ముందు చక్రం బేరింగు మార్చాను. పాతది వేళ్ళ మధ్య తిప్పితే ఇసుక నమిలినట్టు కరకరలాడింది. మొన్నటి పందెంలో కుడివైపు తిరిగినప్పుడల్లా వినబడిన రొద దీనిదే. బ్రేకు ఆయిలు కూడా మార్చి, వెనక టైర్లు ముందుకు, ముందువి వెనక్కు వేశాను.

చిన్నమ్మి మా ఇంటికి వచ్చి పద్నాలుగేళ్ళు. ఈలోగా మోటార్లు మారాయి, బ్యాటరీ మారింది, సీట్ల గుడ్డ ఎన్నిసార్లు మారిందో గుర్తు లేదు. స్టీరింగు చక్రం మాత్రం పాతదే. దాని మీద తోలు రెండు చోట్ల అరిగింది. పైభాగంలో అరిగింది నా చేతుల వల్ల. కింద, ఒడి దగ్గర అరిగింది మా అత్త ఓబుళమ్మ చేతుల వల్ల. ఆమె స్టీరింగును రోకలి పట్టుకున్నట్టు కింది నుంచి పడుతుంది. అలా పట్టకూడదని అందరూ చెప్తారు. ఆమె అందరినీ ఓడిస్తుంది.

ఈ ఎర్రటి రెండు సీట్ల కారు, భూమి నుంచి మా ఊరు గిరకపేటకు వచ్చిన ఒకే ఒక్క స్పోర్ట్స్ కారు. ఊరు కట్టిన కాంట్రాక్టర్లలో ఒకాయన ముచ్చటపడి తెప్పించుకున్నాడు. రెండుసార్లు నడిపాడు. రెండోసారి తేలిక దిక్కులో బాగా తొక్కేసరికి చక్రాలు నేల వదిలినంత పనైంది. దిగి, డోరు పట్టుకుని వాంతి చేసుకున్నాడు. ఆయన కూతురి పెళ్ళి విందుకు మా ఆయన భూషణ తన తొట్లలోని చేపలన్నీ ఇచ్చాడు. బదులుగా ఈ బండి మా వాకిట్లోకి వచ్చింది. "ఇంట్లోకి చిన్నమ్మి వచ్చింది," అని అత్త హారతి కూడా ఇచ్చింది. పేరు అదే నిలిచిపోయింది.

మా ఊరు ఒక పెద్ద చక్రం. దాని లోపలి అంచు మీద మా ఇళ్ళు, వీధులు, చేపల తొట్లు. చక్రం తిరుగుతోంది కాబట్టే మా కాళ్ళు నేల మీద నిలుస్తున్నాయి. భూమి మీద ఉండే బరువులో సగం ఉంటుంది మాకు. ఊరు తిరిగే వైపే వేగంగా పోతే ఆ బరువు పెరుగుతుంది. ఎదురుగా పోతే తగ్గుతుంది. అందుకే మాకు తూర్పు పడమరలు లేవు, బరువు దిక్కు, తేలిక దిక్కు ఉన్నాయి. నడిచేవాళ్ళకు ఈ తేడా తెలియదు. చిన్నమ్మిలో కూర్చుంటే వెన్నెముక మొత్తానికీ తెలుస్తుంది.

బేరింగు బిగించడం అయ్యాక అత్త వచ్చి చక్రం మీద చెయ్యి వేసి గట్టిగా ఊపి చూసింది.

"ఇంగ రొద రాదు కదా?"

"రాదత్తా."

"వస్తే మాత్రం ఏంది, రొదతోనే గెలిచినా గదా పోయినసారి," అని లోపలికి పోయింది.

గెలిచింది నా మీదే.

ఆషాఢం, చివరి వారం

ఊరి సభ జరిగింది. ఎప్పటి నుంచో అనుకుంటున్నదే ఖాయమైంది. మాఘం నుంచి ఊరిని ఇంకా వేగంగా తిప్పుతారు. భూమి మీద ఎంత బరువో ఇక్కడా అంతే అవుతుంది. ఇక్కడ పుట్టిన పిల్లల ఎముకలు పలచగా ఉంటున్నాయి, భూమికి వెళ్తే నిలబడలేరు, అందుకని. ఎవరూ కాదనలేదు. అందరికంటే ముందు చెయ్యెత్తింది మా అత్తే.

"పిల్లోల్ల బొమికలు గట్టిపడాల. అంతకంటే ఏం కావాల?"

ఆ తరువాత ఆసుపత్రి వాళ్ళు నియమాలు చదివారు. మెట్లు ఎక్కడం, మూటలు మోయడం, ఇంకా చాలా. అందులో ఒకటి: పూర్తి బరువు వచ్చాక, డెబ్భై దాటినవాళ్ళు పందెపు బళ్ళు నడపకూడదు.

నేను అత్త వైపు చూడలేకపోయాను. ఆమెకు డెబ్భై రెండు. అనంతపురం వైపు కార్ల ఫ్యాక్టరీలో, కొత్త బళ్ళను గుండ్రటి బాట మీద తిప్పి పరీక్షించే ఉద్యోగం చేసింది. పెళ్ళయినా మానలేదు, భూషణ పుట్టినా మానలేదు. ఈ ఊరికి వచ్చాక ఆమెకు మిగిలిన బాట, సరుకు దించే మైదానంలో మా పందేల క్లబ్బువాళ్ళు రబ్బరు కోన్లు పెట్టి గీసేదే.

ఇంటికి నడుస్తూ ఉంటే ఆమే మాట్లాడింది.

"అంటే ఇంగ ఆరు నెల్లుంది. అంతలోపల నువ్వొక్కసారన్నా నన్ను గెలుస్తావేమో చూద్దాం."

"గెలుస్తానత్తా."

"ఆ, చూద్దాం చూద్దాం," అని నా భుజం మీద చరిచింది. నాకు ఒళ్ళంతా వేడెక్కింది. పద్నాలుగేళ్ళలో ఆమెను నేను ఒక్కసారి కూడా దాటలేదు. మిగిలినవాళ్ళందరినీ దాటాను. మా ఇద్దరిదీ ఒకే బండి, అవే టైర్లు. సాకు చెప్పడానికి కూడా ఏమీ లేదు.

శ్రావణం, రెండో వారం

పందెం. నిన్న జరిగింది.

క్లబ్బు పెద్ద దస్తగిరి వృత్తికి పళ్ళ డాక్టరు. ఆయన గీసే బాట కూడా పన్ను పీకినట్టే ఉంటుంది. ఈసారి పొడవైన బరువు దిక్కు పరుగు, దాని చివర గట్టి మలుపు, తరువాత కోన్ల మధ్య పాములా వంకర్లు. ఒక్కొక్కరం విడివిడిగా పోతాం, గడియారంతోనే పోటీ. కోను పడేస్తే రెండు సెకన్లు కలుపుతారు. ఒక్కొక్కరికి మూడు పరుగులు, అందులో మంచిదే లెక్క.

ఒకే బండికి ఇద్దరు డ్రైవర్లుంటే మధ్యలో టైర్లు చల్లారవు. అందుకని భూషణ రెండు బిందెలతో చేపల తొట్టి నీళ్ళు తెచ్చి టైర్ల మీద పోస్తాడు. చిన్నమ్మి అంతా చేపల వాసన. బండి నంబరు ఏడు అత్తది. నేను ఎక్కేటప్పుడు భూషణ ఏడు ముందు ఒకటి అంటిస్తాడు, అత్త ఎక్కేటప్పుడు పీకుతాడు. అటు అమ్మ, ఇటు పెళ్ళాం. ఎవరు గెలవాలని అడిగితే, "టైర్లు గెలవాల," అంటాడు.

అత్త మొదటి పరుగు బరువు దిక్కులో అద్భుతంగా మొదలైంది. బండి నేలకు అతుక్కుని దూసుకుపోయింది. గట్టి మలుపు వచ్చింది. ఆమె బ్రేకు తొక్కలేదు. కోన్లు గాల్లోకి లేచాయి. ఆ తరువాత బ్రేకు పడింది, బండి చుట్టూ తిరిగి ఆగింది.

నేను పరుగెత్తాను. అత్త సీట్లో నిటారుగా కూర్చుని ఉంది.

"ఏమైందత్తా?"

"పాదం జారిందిలే. నీళ్ళు ఎక్కువ పోసినాడు వీడు."

రెండో పరుగులో నన్ను అర సెకనులోపు తేడాతో ఓడించింది. నేను అంత దగ్గరికి రావడం ఇదే మొదటిసారి. ఇంటికొచ్చి నిద్ర పట్టలేదు. పాదం జారడం గురించి ఆలోచించలేదు. ఆ అర సెకను గురించే ఆలోచించాను.

భాద్రపదం, మొదటి వారం

ఈ రోజు జరిగింది వెంటనే రాయాలి.

సాధనకు మైదానం దొరికింది. బరువు దిక్కులో ఆమె బండిని ఏ దారిన పోనిస్తుందో చూద్దామని నేను పక్క సీట్లో కూర్చున్నాను. మొదటిసారి మామూలుగానే పోయింది. ఆమె పక్కన కూర్చుంటే భయం వేయదు. చేతులు అసలు కదలనట్టే ఉంటాయి, బండి మాత్రం తిరిగిపోతూ ఉంటుంది.

రెండోసారి ఇంకా గట్టిగా తొక్కింది. బరువు ఒక్కసారిగా మీద పడింది. చెంపలు కిందికి లాగాయి, నా చేతిని ఒడిలోంచి ఎత్తడం కష్టమైంది. మలుపు దగ్గర పడుతోంది. బ్రేకు కోసం నా పాదం కూడా తెలియకుండానే నేలను నొక్కింది. బండి మాత్రం నెమ్మదించలేదు.

పక్కకు తిరిగి చూశాను. అత్త కళ్ళు తెరిచే ఉన్నాయి. తల మాత్రం ఒక పక్కకు వాలి ఉంది. ఆ కళ్ళు దేన్నీ చూడటం లేదు.

ఎదురుగా సరుకు పెట్టెల గోడ.

"అత్తా!"

స్టీరింగును రెండు చేతులతో పట్టుకుని నా వైపు లాగాను. బండి అడ్డం తిరిగింది, టైర్లు అరిచాయి. అడ్డంగా తిరగగానే బరువు తగ్గింది, ఆ తగ్గడంతోనే అత్తకు తెలివి వచ్చింది. నేనేమీ చెప్పకుండానే ఆమె పాదం బ్రేకు మీద పడింది. పెట్టెల గోడకు ఒక మనిషి దూరంలో ఆగాం.

మోటారు ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది.

"ఎన్నాళ్ళ నుంచత్తా?"

"ఏంది?"

"ఇట్లా కావడం."

ఆమె బెల్టు విప్పుకుంది. "మొన్న పందెంలో ఒకసారి. ఇప్పుడొకసారి. అంతే."

"పాదం జారిందని చెప్పావు."

"నీకు చెప్తే ఏం చేస్తావు? తాళం దాచిపెడతావు." బండి దిగి, డోరు పట్టుకుని నిలబడింది. "నేను లేకపోతే నువ్వే గెలుస్తావు గదా."

ఆ మాటకు నాకు కోపంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నువ్వు లేకపోతే నేనెవర్ని గెలవాలి?" అని అరిచాను. మైదానమంతా వినబడేటట్టు అరిచాను. ఆమె నా వైపు కొత్తగా చూసింది. ఇంటికి బండి నేనే నడిపాను, నడక కంటే కాస్త వేగంగా.

భాద్రపదం, మూడో వారం

ఇంట్లో భూషణకు తెలిసింది. చెప్పింది నేనే. ఆయన చేపలకు మేత వేస్తూ విన్నాడు, విన్నాక మేత డబ్బా మొత్తం తొట్టిలో పడేశాడు.

"తాళమియ్యి. ఇద్దరూ ఎక్కొద్దు."

"నువ్వు సుమ్మనుండు," అంది అత్త లోపలి నుంచి. "నేను కన్న కొడుకువి, నన్ను కన్నోడివి కాదు."

ఆసుపత్రికి తీసుకెళ్ళాం. గుండె గట్టిగానే ఉందన్నారు. ఇన్నేళ్ళు సగం బరువులో ఉన్న ఒళ్ళు, ఈ వయసులో, బరువు హఠాత్తుగా రెండింతలైతే తలకు నెత్తురు ఎక్కించలేకపోతోంది. బరువు దిక్కులో వేగంగా పోవద్దు. మామూలు బరువులో, అంతకంటే తేలికలో ఏ ఇబ్బందీ లేదు.

తిరిగి వస్తుంటే ఆమె వీధిని చూస్తూ నడిచింది. మా వీధి ముందుకు పోయేకొద్దీ పైకి లేచి, ఇళ్ళ కప్పులతో సహా ఆకాశంలోకి ఎక్కిపోతుంది. చిన్నప్పటి నుంచి చదునైన నేల మీద బతికినామెకు ఇది ఎప్పుడైనా అలవాటైందో లేదో, నేనెప్పుడూ అడగలేదు.

"తేలికలో ఇబ్బంది లేదన్నారు గదా," అంది ఉన్నట్టుండి.

నేను ఆగిపోయాను. అప్పటికే నా బుర్రలో అదే తిరుగుతోంది. బాట మొత్తం తేలిక దిక్కులో గీస్తే? మైదానం ఈ చివర మొదలుపెట్టి ఆ చివర ముగిస్తే? తిరిగి రావడం మెల్లగా రావచ్చు.

చెప్పాను. అత్త ముఖం వెలిగిపోయింది. వెంటనే కనుబొమలు ముడిచి అడిగింది:

"నీకు తేలిక దిక్కు చేతకాదు గదే?"

"చేతకాదు."

"మరి?"

"నేర్చుకుంటా."

ఆశ్వయుజం, రెండో వారం

క్లబ్బు సమావేశం. ఆఖరి పందెం తేలిక దిక్కులో పెట్టమని అడిగాను. గొడవ మొదలైంది. జనం చూడటానికి వచ్చేదే బరువు దిక్కు పరుగు కోసమని ఒకరు, పాత బరువులో ఆఖరి పందెం కాబట్టి పాత బాటే ఉండాలని ఇంకొకరు. దస్తగిరి అందరినీ ఆపి నన్ను అడిగాడు.

"ఈశ్వరమ్మా, తేలిక దిక్కంటే నువ్వే భయపడతావు. నువ్వే అడుగుతాండావు. ఏంది కత?"

నేను నోరు తెరవబోయాను. అత్త నా మోకాలి మీద చెయ్యి పెట్టి లేచి నిలబడింది. ఈ క్లబ్బులో ఆమె ఓడిపోవడం ఎవరూ చూడలేదు. కూర్చున్నవాళ్ళంతా తలెత్తారు.

"దస్తగిరీ, నాకు బరువు దిక్కులో కండ్లు చీకట్లు కమ్ముతాండాయి. రెండుసార్లయింది. రెండోసారి ఈ పిల్ల లేకపోతే ఆ పెట్టెల్లోకి పోయి గుద్దుకునేదాన్ని. ఆసుపత్రోల్లు తేలికలో పోవచ్చునన్నారు. ఇంగ మీ ఇష్టం. పాత బాటే కావాలంటే నేను కోన్లు ఎత్తిపెడతా, ఏం తప్పు లేదు."

అని కూర్చుంది. ఆమె చెయ్యి నా మోకాలి మీద మళ్ళీ పడింది. చల్లగా ఉంది.

ఇందాక పాత బాట కావాలన్నవాడే ముందుగా గొంతు సవరించుకున్నాడు. "తేలిక దిక్కులో ఓబుళమ్మక్కను ఓడించడం ఇంకా కష్టం గదా అన్నా," అన్నాడు. నవ్వులు లేచాయి. దస్తగిరి అప్పటికే కాగితం తీసి బాట గీయడం మొదలుపెట్టాడు. "అక్కా, ఇంత దినం చెప్పకుండా ఎట్లుంటివి?" అని అడుగుతూనే గీశాడు. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. పద్నాలుగేళ్ళుగా గీస్తున్నాడు, మొత్తం తేలిక దిక్కులో ఎన్నడూ గీయలేదు.

కార్తీకం

ఈ నెలంతా సాధనే. తారీఖులు వేయను, చాలా రోజులు కలిసిపోయాయి.

తేలిక దిక్కు సంగతి ఏమిటంటే, వేగం పెరిగేకొద్దీ బండి నేల మీద నిలవదు. టైర్లకు పట్టు ఉండదు. స్టీరింగు తిప్పితే ముక్కు తిరగకుండా నేరుగా జారిపోతుంది. నేను మొదటి వారమంతా కోన్లు పడగొట్టాను. ఒక కోను చిన్నమ్మి కింద ఇరుక్కుని మైదానం చివరి దాకా వచ్చింది.

పక్క సీట్లో అత్త. ఆమె అరవదు. అదే ఎక్కువ భయంగా ఉంటుంది.

"ఎందుకు తిప్పినావు అప్పుడే?"

"మలుపు వచ్చింది కదా."

"మలుపు వచ్చింది. బరువు వచ్చిందా?"

నాకు అర్థం కాలేదు. ఆమె బండి ఆపించి, దుమ్ము పట్టిన అద్దం మీద వేలితో గీసి చూపించింది. మనం తేలిక దిక్కులో పోతున్నంతసేపే తేలిక. బండి పక్కకు తిరగడం మొదలయ్యాక ఆ తేలిక పోతూ వస్తుంది, బరువు తిరిగి వస్తుంది. కాబట్టి మలుపు మొదట్లో టైర్లకు పట్టు ఉండదు. మధ్యకు వచ్చేసరికి ఉంటుంది. నేను మొదట్లోనే గట్టిగా తిప్పి జారిపోతున్నాను. పట్టు వచ్చే సమయానికి భయపడి మెల్లగా పోతున్నాను. అంతా తలకిందులు.

"మొదట్లో కొంచెం అడుగు, ఇస్తాదా ఇయ్యదా అని. ముడ్డి కింద సీటు బరువెక్కతాది చూడు, అప్పుడు గట్టిగా తీసుకో. అప్పుడు ఎంతడిగినా ఇస్తాది."

మళ్ళీ పోయాను. మలుపు దగ్గర చెయ్యి ఆపుకున్నాను. బండి మలుపు దాటి పోతుందనిపించింది. కొద్దిగా తిప్పాను. ముక్కు కొంచెం కదిలింది. అప్పుడు వచ్చింది. సీటు నన్ను పైకి నెట్టినట్టు, నేల చెయ్యి చాచి చక్రాలను పట్టుకున్నట్టు. మొత్తం తిప్పేశాను, మొత్తం తొక్కేశాను. చిన్నమ్మి మలుపులోంచి రాయి విసిరినట్టు బయటికి వచ్చింది. నేను కేక పెట్టాను. ఏం కేక పెట్టానో తెలియదు.

అత్త కూడా పెట్టింది. తరువాత, కొంచెం ఆలస్యంగా, ఆమెకు ఏదో తట్టినట్టుంది.

"అయ్యో, నీకెందుకు చెప్పినానే ఇదంతా!"

మార్గశిరం, ఆఖరి పందెం రోజు

ఉదయం నుంచి జనం. చేపల బజారు మూసేసి వచ్చారు, బడి పిల్లలు వచ్చారు, ఊరి అవతలి వైపు ఇళ్ళ కప్పుల మీద కూడా మనుషులు చుక్కల్లా కనబడుతున్నారు. మాకు తలపైన ఉన్న వీధి వాళ్ళు దుర్భిణీలు పెట్టుకుని తలెత్తి మమ్మల్ని చూస్తున్నారు, మేము తలెత్తి వాళ్ళకు చేతులూపాం.

మొదటి పరుగుల్లో ఇద్దరం జాగ్రత్తగా పోయాం. రెండో పరుగులో అత్త పట్టికలో అందరికంటే పైకి వెళ్ళింది. నేను రెండో స్థానం. భూషణ నీళ్ళు పోస్తూ, ఒకటి అంటిస్తూ, పీకుతూ తిరుగుతున్నాడు. ఒకసారి ఒకటి తలకిందులుగా అంటించాడు, ఎవరికీ తేడా తెలియలేదు.

అత్త మూడో పరుగు. నేను గీత దగ్గర నిలబడి చూశాను. మొదటి మలుపులో ఆమె బండిని అసలు తిప్పలేదు అనిపించింది. బండే తిరిగింది. వంకర్ల మధ్య చిన్నమ్మి సగం తేలుతూ, సగం నేలను తాకుతూ పోయింది. ముందు చక్రం ఒక్క క్షణం గాల్లోకి లేచి మళ్ళీ మెత్తగా దిగింది. చివరి గీత దాటాక గడియారం అంకె వేసింది. ఈ మైదానంలో ఎవరూ, ఏ దిక్కులోనూ అంత తక్కువ వేయలేదు. ఆమె దిగి వచ్చేసరికి చెమటతో జుట్టు నుదుటికి అతుక్కుంది. డెబ్భై రెండేళ్ళ ముఖంలో పదహారేళ్ళ నవ్వు.

"పో," అంది బెల్టు నా చేతికిస్తూ. "టైర్లు మంచి వేడి మీదుండాయి. ఎక్కువ నీళ్ళు పోయనీవద్దు."

నాకు కావలసింది ఆమే చెప్పింది. తన అంకెను దాటడానికి నాకు ఏం కావాలో చెప్పి పంపింది.

జెండా పడింది.

మొదటి మలుపు. ఆగాను, అడిగాను, ఇచ్చింది. వంకర్లు. ఎడమ, కుడి, ఎడమ. ఒక్కో కోను అద్దం పక్క నుంచి నారింజ రంగు గీతలా పోయింది. చేతులు నావి కానట్టు కదులుతున్నాయి. మధ్య పరుగులో ఎంత తేలికయ్యానంటే బెల్టు లేకపోతే లేచిపోయేదాన్ని. కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. చివరి మలుపు. ఆగు. ఇంకా ఆగు. ఒళ్ళంతా తిప్పేయమంటోంది, నేను ఆగాను. కొంచెం. ఇప్పుడు సీటు బరువెక్కింది. మొత్తం!

చివరి కోను పక్కన ఎక్కడో టప్‌మని చిన్న చప్పుడు. గీత దాటాను.

బండి ఆపి వెనక్కి చూసేసరికి జనం కేకలు. గడియారంలో నా అంకె. అది అత్త అంకె కంటే కంటి రెప్ప వాల్చినంత తక్కువ. కానీ చివరి మలుపు దగ్గర నిలబడ్డ మనిషి జెండా సగం ఎత్తి ఆపేశాడు. కోనుకు తగిలింది. పడలేదు, జరిగింది. ప్రతి కోను చుట్టూ సుద్దతో చదరం గీసి ఉంటుంది. కోను ఆ గీతను ఏ కొంచెమైనా తాకుతూ ఉంటే తప్పు లేదు. పూర్తిగా బయటికి పోతే రెండు సెకన్లు. అతనికి తేల్చుకోవడం కష్టమైంది. దస్తగిరి కళ్ళద్దాలు తుడుచుకుంటూ బయలుదేరాడు.

ఆయన కంటే ముందే అత్త అక్కడికి చేరింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. చాలలేదు. బోర్లా పడుకుంది. చెంప నేలకు ఆనించి, ఒక కన్ను మూసి, కోను అడుగు వైపు చూసింది. నేను చిన్నమ్మిలోంచి దిగకుండా అలాగే కూర్చున్నాను.

చాలాసేపు చూసింది. దస్తగిరి పక్కన వంగబోతే చేత్తో అడ్డం పెట్టింది.

తరువాత లేచి, చెంపకు అంటిన సుద్ద తుడుచుకోకుండానే అందరికీ వినబడేలా చెప్పింది.

"గీత మీద ఉంది కోను. మా కోడలు గెలిచింది."

నేను ఎలా దిగానో, ఎలా పరుగెత్తానో తెలియదు. ఆమెను పట్టుకుని ఎత్తేశాను. సగం బరువు కదా, తేలిగ్గా లేచింది. "దించవే, దించు, నడుము పట్టుకుంటాది," అని అరుస్తోంది, నా వీపు మీద గుద్దుతోంది, నవ్వుతోంది. ఆ నవ్వు మధ్యలో ఒక్కసారి ఆమె ముఖం నా భుజంలో దాచుకుంది. నేను చూడనట్టు ఇంకాసేపు పట్టుకునే ఉన్నాను.

రెండు పూటలు నాతో మాట్లాడలేదు. మూడో పూట, అన్నం వడ్డిస్తూ, "రెండో వంకర కాడ నువ్వు ఇంగా కొంచెం తొక్కుండొచ్చు," అంది.

మాఘం, మొదటి వారం

బరువు వచ్చింది. వారం రోజులుగా మెల్లగా పెంచారు. మెట్లు ఎక్కితే ఆయాసం, బిందె ఎత్తితే చేతులు లాగుతున్నాయి. ఊళ్ళో అందరూ నీళ్ళలో నడుస్తున్నట్టు నడుస్తున్నారు. చిన్నమ్మి పాత స్ప్రింగుల మీద కూలబడి పొట్ట నేలకు ఆనించింది. వర్క్‌షాపులో కొత్తవి, గట్టివి చేయించి వేశాను. భూషణ ఒక మూల మీద, నేను ఒక మూల మీద కూర్చుని ఎత్తు సరిచూశాం.

ఈ రోజు మొదటిసారి మైదానానికి తీసుకెళ్ళాను. నియమం ప్రకారం అత్త నడపకూడదు. దస్తగిరి ఆమె చేతికి సుద్ద ముక్క ఇచ్చి, "అక్కా, ఇంగ బాట నువ్వే గీయాల," అన్నాడు. ఆమె మర్యాదకైనా వద్దనలేదు. సుద్ద అందుకుని మైదానంలోకి నడిచింది.

ముందుగా ఒక్కదాన్నే ఊరికే ఒక చుట్టు పోయాను. అబ్బ! చిన్నమ్మికి ఇంత పట్టు ఉంటుందని పద్నాలుగేళ్ళలో నాకు తెలియదు. తిప్పితే తిరుగుతోంది, తొక్కితే ఆగుతోంది. భూమి మీద బళ్ళు ఇలాగే ఉంటాయేమో. నేను కొత్త బండి కొన్నదానిలా నవ్వుకుంటూ తిరిగి వచ్చాను.

అప్పటికి అత్త బాట పూర్తి చేసింది. కోన్లు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు ఉన్నాయి. మూడో మలుపు తిరిగాక నాలుగోది ఎక్కడుందో కనబడదు. ఎడమకు తిరగాలనిపించిన చోట కుడికి తిరగాలి.

"అత్తా, ఇందులో బండి పడుతుందా?"

"పడతాది. కొలిచినా."

పోయాను. మూడు కోన్లు పడ్డాయి. తిరిగి వచ్చి ఆగేసరికి ఆమె భూషణ భుజం పట్టుకుని వంగి వంగి నవ్వుతోంది. దస్తగిరి తల పట్టుకున్నాడు. ఆమె కళ్ళు తుడుచుకుని, పడిన కోన్లు తానే ఎత్తిపెట్టింది. పెట్టి, ఆలోచించి, నాలుగోదాన్ని కాలితో ఇంకో జానెడు లోపలికి జరిపింది.

"ఊఁ," అంది నా వైపు తిరిగి. "ఇప్పుడు రా, చూద్దాం."

బెల్టు బిగించుకుని బండిని మళ్ళీ గీత దగ్గరికి తెచ్చాను.